ఒకే చెట్టుకు రెండు వరుసలు: టైప్ క్లాసుల్లో ఇన్‌స్టెన్సులు తగువులాడితే

కాళేశ్వరం ముందు వస్తుందా, కాశిబుగ్గ ముందు వస్తుందా? ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి, రెండూ సరైనవే. కంప్యూటర్ లెక్కన కాళేశ్వరం ముందు. యూనికోడ్‌లో ళ సంఖ్య 3123, శ సంఖ్య 3126. బడిలో దిద్దిన వర్ణమాల ప్రకారం య ర ల వ శ ష స హ అయ్యాకే ళ వస్తుంది కాబట్టి కాశిబుగ్గ ముందు. లోపల డేటా వెతకడానికి మొదటి వరుస చాలు, పైగా వేగం. చోట్ల పేర్లను పట్టికగా అచ్చువేసి జనానికి ఇవ్వాలంటే రెండోదే కావాలి. ళ మీదుండే పేరును ల పక్కన ఎవరూ వెతకరు.

టైప్ క్లాస్ అంటే ఒక టైపు ఏ పనులు చేయగలగాలో చెప్పే ఒప్పందం, ఇన్‌స్టెన్స్ అంటే ఆ టైపు వాటిని ఎలా చేస్తుందో రాసిన కోడ్. హాస్కెల్ లాంటి భాషలో ఒక టైపుకు ఒక క్లాసులో ఒకే ఇన్‌స్టెన్స్ ఉండాలి. ఏది ముందు, ఏది తర్వాత అని పోల్చే క్లాసు పేరు ఆర్డ్. ఒక టైపుకు ఆర్డ్ ఒకటే. మరి పై రెండు వరుసలూ కావాల్సి వస్తే? ఇక్కడ మొదలయ్యే గొడవను చాలామంది "కంపైలర్ ఒప్పుకోవట్లేదు, ఏదో ప్రాగ్మా (కంపైలర్‌కు కోడ్‌లోనే ఇచ్చే సూచన) పెట్టి ఒప్పించాలి" అన్న దృష్టితో చూస్తారు. హనుమకొండ, కాజీపేట కాలేజీల్లో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన విద్యార్థులు ఈ ఎర్రర్ ఎదురైతే మొట్టమొదట వెతికేది దాన్ని మూయించే మాట కోసమే. ఆ దారి తప్పు అని ఈ వ్యాసం వాదన. వరుస ఏదైనా సరే, అది డేటాతో పాటే, డేటా టైపులోనే ప్రయాణించాలి. ఏ మాడ్యూల్ ఏది ఇంపోర్ట్ చేసింది అన్న దాని మీద ఆధారపడితే కంపైలర్ మౌనంగా ఉన్న చోటే ప్రోగ్రామ్ చెడుతుంది.

ఎలా చెడుతుందో దగ్గరగా చూద్దాం.

ఒక మాడ్యూల్‌లో "చోటు" అనే టైపు ఉంది. లోపల పేరు టెక్స్ట్‌గా ఉంటుంది. ఆ మాడ్యూల్ రాసినవాళ్లు ఈక్వాలిటీ ఇచ్చారు, ఆర్డ్ ఇవ్వలేదు. లెక్కల మాడ్యూల్ రాసేవాళ్లకు చోట్లను సెట్‌లో పెట్టాల్సి వచ్చింది. స్టాండలోన్ డిరైవింగ్‌తో (టైపు ఉన్న చోట కాకుండా విడిగా, కంపైలర్‌తోనే ఇన్‌స్టెన్స్ రాయించుకునే సౌకర్యం) ఒక్క లైనులో ఆర్డ్ తెచ్చుకున్నారు, అది యూనికోడ్ వరుస. ముద్రణ మాడ్యూల్ రాసేవాళ్లు విడిగా, వర్ణమాల ప్రకారం ఆర్డ్ ఇన్‌స్టెన్స్‌ను చేత్తో రాసుకున్నారు. ఈ రెండు మాడ్యూళ్లూ ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవు. పైన మెయిన్ మాడ్యూల్ రెండింటినీ ఇంపోర్ట్ చేసుకుని, లెక్కల నుంచి "చేర్చు" అనే ఫంక్షన్‌ను, ముద్రణ నుంచి "ఉందా", "జతచెయ్యి" అనే ఫంక్షన్లను వాడుతుంది.

సెట్ లోపల ఒక చెట్టు ఉంటుంది, చిన్నవి ఎడమకు, పెద్దవి కుడికి పోతాయి. మెయిన్‌లో ఖాళీ సెట్ తీసుకుని లెక్కల మాడ్యూల్ ఫంక్షన్‌తో కాళేశ్వరం చేర్చాం. అది చెట్టుకు వేరు అయింది. అదే ఫంక్షన్‌తో కాశిబుగ్గ చేర్చాం. యూనికోడ్ వరుసలో అది పెద్దది కాబట్టి కుడి కొమ్మకు పోయింది. ఇప్పుడు ముద్రణ మాడ్యూల్‌ను "కాశిబుగ్గ ఉందా?" అని అడుగుతాం. అది వేరు దగ్గర కాళేశ్వరంతో పోల్చి, వర్ణమాలలో కాశిబుగ్గ చిన్నది కాబట్టి ఎడమకు తిరుగుతుంది. ఎడమన ఏమీ లేదు. జవాబు: లేదు. లేదన్నది కదా అని ముద్రణ మాడ్యూల్‌తోనే జతచేస్తే అది ఎడమ కొమ్మ మీద కూర్చుంటుంది. సైజు 3. లిస్టుగా మార్చి చూస్తే కాశిబుగ్గ, కాళేశ్వరం, కాశిబుగ్గ. సెట్ అన్న పేరు పెట్టుకున్న దాంట్లో ఒకే చోటు రెండుసార్లు! లెక్కల వైపు నుంచి కాశిబుగ్గను తీసేస్తే కుడి కొమ్మది పోతుంది, ఎడమది మిగులుతుంది. తీసేసిన పేరు అచ్చు పట్టికలో మళ్లీ కనిపిస్తుంది.

ఇందులో ఎక్కడా ఎర్రర్ రాదు. రన్ చేసినా కూలిపోదు. అసలు ప్రమాదం ఇదే.

కంపైలర్ ఎందుకు ఊరుకుంటుందో తెలియాలంటే టైప్ క్లాస్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. 1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ ఈ ఆలోచనను ప్రతిపాదించినప్పటి నుంచీ దాని మామూలు అమలు పద్ధతి ఇది: ప్రతి ఇన్‌స్టెన్స్ ఒక డిక్షనరీ, అంటే ఆ క్లాసు ఫంక్షన్లన్నీ పెట్టిన రికార్డు. "ఆర్డ్ కావాలి" అన్న షరతు ఉన్న ప్రతి ఫంక్షన్‌కూ ఆ డిక్షనరీ కంటికి కనపడని ఆర్గ్యుమెంటుగా అందుతుంది. ఏ డిక్షనరీ అందించాలన్నది ఫంక్షన్‌ను పిలిచిన చోట, అక్కడ కనిపించే ఇన్‌స్టెన్సులను చూసి నిర్ణయమవుతుంది. సెట్ చెట్టు లోపల మాత్రం డిక్షనరీ ఉండదు. తాను ఏ వరుసలో పేర్చబడిందో చెట్టుకు తెలియదు. "ఈ టైపుకు లోకంలో ఒకే ఆర్డ్ ఉంటుంది" అన్న నమ్మకం మీదనే లైబ్రరీ రాసినవాళ్లు దాన్ని దాచుకోకుండా వదిలేశారు.

ఆ నమ్మకాన్ని హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ పూర్తిగా కాపలా కాయదు. ప్రోగ్రామ్ మొత్తం తిరిగి చూసి "ఈ టైపుకు ఇక్కడొకటి, అక్కడొకటి ఉన్నాయి" అని చెప్పే దశ అందులో లేదు. ఇన్‌స్టెన్స్ రాస్తున్న మాడ్యూల్‌కు అప్పటికే అలాంటిదే ఇంకొకటి ఇంపోర్టుల ద్వారా కనిపిస్తే డూప్లికేట్ ఎర్రర్ ఇస్తుంది. వాడే చోట రెండు సరిపోతే ఓవర్‌ల్యాపింగ్ ఎర్రర్ ఇస్తుంది. మన ఉదాహరణలో రెండు మాడ్యూళ్లూ ఒకదానికొకటి కనిపించవు, మెయిన్ స్వయంగా ఆర్డ్ అడగలేదు. రెండు కాపలాలకూ చిక్కకుండా తప్పించుకుంది.

క్లాసు ఉన్న మాడ్యూల్‌లో గానీ టైపు ఉన్న మాడ్యూల్‌లో గానీ కాకుండా మూడో చోట రాసిన ఇన్‌స్టెన్స్‌ను ఆర్ఫన్ అంటారు, అంటే అనాథ. ఇన్‌స్టెన్సుకు ఇంపోర్ట్ జాబితాలో పేరుండదు, దాన్ని దాచడం కుదరదు. మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేస్తే అదీ వెంట వస్తుంది, దాన్ని ఇంపోర్ట్ చేసినవాళ్ల వెంటా పోతుంది. ప్రతి ఇన్‌స్టెన్సూ క్లాసు ఇంట్లోనో టైపు ఇంట్లోనో ఉంటే, ఆ క్లాసునూ ఆ టైపునూ వాడే ఎవరికైనా అది కనబడి తీరుతుంది. రెండోది పుట్టే సందు ఉండదు. సందు తెరిచేది ఆర్ఫన్ ఒక్కటే. అందుకే ఆర్ఫన్ హెచ్చరికను చిన్నదిగా చూడకూడదు. డబ్ల్యూ-ఆల్ (మామూలు హెచ్చరికలను తెరిచే స్విచ్) పెడితే అది వస్తుంది. పైగా ఆర్ఫన్లున్న మాడ్యూళ్ల ఇంటర్‌ఫేస్ ఫైళ్లను జీహెచ్‌సీ అవసరం ఉన్నా లేకున్నా ముందే చదవాలి కాబట్టి కంపైల్ సమయం కూడా పెరుగుతుంది.

ముందు ఎర్రర్ చదవండి

9.6 నుంచి జీహెచ్‌సీ ఎర్రర్లకు సంఖ్యలు వస్తున్నాయి. ఈ విషయంలో నాలుగు గుర్తుంచుకుంటే చాలు. 39999 అంటే ఇన్‌స్టెన్స్ లేదు. 59692 అంటే ఒకే తలతో (అదే క్లాసు, అదే టైపు) రెండు డిక్లరేషన్లు కనబడ్డాయి. 43085 అంటే వాడే చోట ఒకటికి మించి సరిపోయాయి, లేదా ఏది సరిపోతుందో ఇంకా తేలలేదు. 90177 ఆర్ఫన్ హెచ్చరిక. 43085 కింద సరిపోయిన ఇన్‌స్టెన్సుల జాబితా, ఒక్కొక్కటి ఎక్కడ డిఫైన్ అయిందో ఇస్తుంది. ఆ కింది లైన్లలోనే అసలు సమాచారం ఉంటుంది, చాలామంది మొదటి లైను దగ్గరే ఆగిపోతారు. జీహెచ్‌సీఐలో (జీహెచ్‌సీతో లైను లైనుగా మాట్లాడే రూపం) ఇన్ఫో కమాండుకు టైపు పేరిస్తే దానికి కనబడుతున్న ఇన్‌స్టెన్సులన్నీ, అవి వచ్చిన మాడ్యూళ్లతో సహా చూపిస్తుంది. ఏ ప్రాగ్మా ముట్టుకునే ముందైనా ఈ జాబితా ముందు పెట్టుకుని ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ రెండు ఇన్‌స్టెన్సులూ ఒకే అర్థం చెబుతున్నాయా, వేర్వేరు అర్థాలా?

ఒకే అర్థమైతే పని తేలిక. ఒకటి తీసేసి, మిగిలినదాన్ని దాని ఇంటికి, వీలైతే టైపు ఉన్న మాడ్యూల్‌కు పంపడమే. వేర్వేరు అర్థాలైతే రెండో అర్థానికి పేరు లేదన్నమాట. పేరు పెట్టాలి.

ఇంటిపేరు లాంటిది న్యూటైప్

ఒక వాడలో ఇద్దరు రాజయ్యలుంటే ఇంటిపేరుతో పిలుస్తాం. ఇద్దరిలో ఎవరు ఎక్కువ రాజయ్య అని తేల్చం. న్యూటైప్, అంటే ఉన్న టైపును చుట్టి కొత్త పేరిచ్చిన టైపు, చేసే పని అదే. "వర్ణమాలచోటు" అని చోటు చుట్టూ ఒక న్యూటైప్ పెట్టి, వర్ణమాల ఆర్డ్‌ను దానికివ్వాలి. యూనికోడ్ ఆర్డ్‌ను చోటు టైపు పక్కనే, దాని సొంత మాడ్యూల్‌లో డిరైవ్ చేయాలి. ఇప్పుడు చోటు సెట్ వేరు, వర్ణమాలచోటు సెట్ వేరు. ఒకదాన్ని ఇంకోదానికి ఇస్తే కంపైలరే ఆపుతుంది. నడిచేటప్పుడు న్యూటైప్‌కు ఖర్చు లేదు, చుట్టు కంపైల్ అయ్యేసరికి మాయమవుతుంది.

అయితే ఒక చోట జాగ్రత్త కావాలి. 2014లో జీహెచ్‌సీ 7.8తో కోయర్స్ అనే ఫంక్షన్ వచ్చింది. చోట్ల లిస్టును వర్ణమాలచోట్ల లిస్టుగా ఖర్చు లేకుండా మార్చేస్తుంది. అదే కోయర్స్‌ను సెట్ మీద వాడితే కంపైలర్ ఒప్పుకోదు, ఎందుకంటే సెట్, మ్యాప్ (కీకి వాల్యూ జతచేసే పట్టిక) ఉండే కంటైనర్స్ లైబ్రరీలో సెట్ ఎలిమెంటుకు, మ్యాప్ కీకి నామినల్ రోల్ ఇచ్చారు. లోపలి బిట్లు ఒకటే అయినా పేరు మారితే వరుస మారొచ్చు, చెట్టు చెడొచ్చు అని దాని అర్థం. ఈ ఎర్రర్ చూసి విసుక్కునేవాళ్లున్నారు. మన కాశిబుగ్గను రెండుసార్లు కనబడకుండా ఆపుతున్నది అదే. మ్యాప్ వాల్యూకు మాత్రం ఆ అడ్డు లేదు, వాల్యూ వరుసలో పాల్గొనదు కాబట్టి.

మరి ఒక సెట్‌ను ఇంకో వరుసకు మార్చాలంటే? సెట్ మ్యాప్ వాడాలి, లేదా లిస్టుగా మార్చి, కోయర్స్ చేసి, మళ్లీ సెట్ కట్టాలి. వరుస మారుతున్నప్పుడు మళ్లీ పేర్చక తప్పదు, ఎన్ లాగ్ ఎన్ ఖర్చు పెట్టాల్సిందే. ఇక్కడ మ్యాప్‌మోనోటానిక్ అనే ఫంక్షన్ ఊరిస్తుంది. అది ఒక్క దాటులో, మళ్లీ పోల్చకుండా పని ముగిస్తుంది. వరుస మారదని మీరు మాటిచ్చినప్పుడే అది సరైనది. చోటు నుంచి వర్ణమాలచోటుకు మారేటప్పుడు వరుస మారుతుంది, కాబట్టి ఆ మాట అబద్ధం. కోయర్స్ అడ్డుకున్న తప్పును మ్యాప్‌మోనోటానిక్‌తో చేజేతులా తెచ్చుకున్నట్టవుతుంది.

ప్రతిదానికీ న్యూటైప్ అక్కర్లేదు. ఒక్కసారి లిస్టును సార్ట్ చేసి అచ్చువేయడమే పనైతే సార్ట్‌బై ఫంక్షన్‌కు పోల్చే ఫంక్షన్‌ను నేరుగా ఇవ్వండి. దిగుడు వరుస కావాలంటే సార్ట్‌ఆన్, డౌన్ ఉన్నాయి. వరుసను చెట్టు తనలో దాచుకుని తర్వాత మళ్లీ మళ్లీ అడిగించుకునే చోట మాత్రమే, అంటే సెట్, మ్యాప్ లాంటి వాటిలో, టైపుకు పేరు మార్చడం తప్పనిసరి.

ఏనుమాముల లెక్క

ఆర్డ్‌తో వచ్చే చిక్కు కన్నా ఎక్కువమంది రోజూ తగులుకునేది మోనాయిడ్‌తో, అంటే ఒకే టైపు విలువలు రెండింటిని ఒకటిగా కలిపే క్లాసుతో. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి లెక్క తీసుకోండి. ఒక రకానికి ఒక రోజు మూడు సంఖ్యలుంటాయి: వచ్చిన బస్తాలు, కాంటా మీద తేలిన క్వింటాళ్లు, పలికిన రేటు. బస్తాలు, క్వింటాళ్లు కూడుతాం. రేట్లు కూడం. గరిష్ఠం, కనిష్ఠం చూస్తాం. మూడూ సంఖ్యలే అయినా "రెండింటిని కలుపు" అంటే ఒక్కోదానికి ఒక్కో అర్థం. అందుకే హాస్కెల్ బేస్ లైబ్రరీలో ఇంట్ (పూర్ణాంకాల) టైపుకు మోనాయిడ్ ఇన్‌స్టెన్స్ లేనే లేదు. సమ్, ప్రొడక్ట్, మ్యాక్స్, మిన్ అని నాలుగు న్యూటైపులున్నాయి, ఏ కలపడం కావాలో మీరే పేరు పెట్టి చెప్పాలి. రాసేవాళ్లకు నాలుగు అక్షరాలు ఎక్కువ పడతాయి. కానీ తక్‌పట్టీలో (అమ్మకం చీటీ) క్వింటాళ్ల గడి, రేటు గడి ఎందుకు వేరుగా ఉంటాయో ఇదీ అందుకే. గడి పేరు లేని అంకె చూసి అడ్తిదారు ఏం కూడుతాడు?

ఇంట్‌కు లైబ్రరీ నోరు మూసుకుని మంచి పని చేసింది, మ్యాప్ విషయంలో మాత్రం ఒక అర్థాన్ని ముందే ఎంచేసింది. కంటైనర్స్ మ్యాప్‌ల మోనాయిడ్ ఎడమ పక్షపాతి: ఒకే కీ రెండింటిలో ఉంటే ఎడమ మ్యాప్ వాల్యూ ఉంచి కుడిది పారేస్తుంది. పొద్దున వచ్చిన సరుకు మ్యాప్‌లో తేజ రకం 40 క్వింటాళ్లు, మధ్యాహ్నం మ్యాప్‌లో తేజ 25 క్వింటాళ్లు అనుకుందాం. రెంటినీ మోనాయిడ్ గుర్తుతో కలిపితే 65 రాదు, 40 వస్తుంది. వాల్యూలను సమ్‌తో చుట్టినా 40 వస్తుంది, ఎందుకంటే ఈ ఇన్‌స్టెన్స్ వాల్యూ మోనాయిడ్‌ను అడగనే అడగదు. యూనియన్‌విత్‌కు కూడిక ఇచ్చి కలపాలి. లేదా మోనాయిడల్ కంటైనర్స్ ప్యాకేజీలోని మోనాయిడల్‌మ్యాప్ అనే న్యూటైప్ వాడాలి, అది వాల్యూలను వాటి సొంత పద్ధతిలో కలుపుతుంది. స్కాలాలో క్యాట్స్ లైబ్రరీ రెండో అర్థాన్నే మామూలు అర్థంగా ఎంచుకుంది. ఒకే పేరున్న మోనాయిడ్, ఒకే రకం మ్యాప్, రెండు లైబ్రరీల్లో రెండు మొత్తాలు. ఇక్కడ కంపైలర్ పట్టుకోగల గొడవే లేదు, ఉన్న ఒక్క ఇన్‌స్టెన్సే తప్పు అర్థంది. ఒకటికి మించి సహజమైన అర్థాలున్న టైపుకు ఇన్‌స్టెన్స్ ఇవ్వకుండా ఉండటమే లైబ్రరీ రాసేవాళ్లు చేయగల మేలు.

ఓవర్‌ల్యాపింగ్ ఎంతవరకు

ఇక ప్రాగ్మాల సంగతి. 2015లో జీహెచ్‌సీ 7.10 నుంచి ఓవర్‌ల్యాపింగ్, ఓవర్‌ల్యాపబుల్, ఓవర్‌ల్యాప్స్, ఇన్‌కోహెరెంట్ అని ఒక్కో ఇన్‌స్టెన్స్ మీదే గుర్తు పెట్టే వీలొచ్చింది. అంతకు ముందు మాడ్యూల్ మొత్తానికి ఒకే స్విచ్ ఉండేది. నియమం ఇలా పనిచేస్తుంది. అడిగిన టైపుకు తల సరిపోయే ఇన్‌స్టెన్సులన్నీ ఏరుతుంది. ఒకదానికన్నా ఇంకొకటి కచ్చితంగా ఎక్కువ ప్రత్యేకమైనదై, సాధారణమైనది ఓవర్‌ల్యాపబుల్ అనో ప్రత్యేకమైనది ఓవర్‌ల్యాపింగ్ అనో గుర్తుంటే సాధారణమైనదాన్ని తీసేస్తుంది. ఒక్కటే మిగిలితే అది అభ్యర్థి. అంతటితో అయిపోదు. ఇప్పుడు సరిపోకపోయినా రేపు టైపు వేరియబుల్‌కు అసలు టైపు తెలిశాక సరిపోగల ఇన్‌స్టెన్స్ ఇంకేదైనా ఉందా అని కూడా చూస్తుంది. ఉండి, దాని మీద ఇన్‌కోహెరెంట్ గుర్తు లేకపోతే తేల్చనని ఆగిపోతుంది.

ఇందులో అందరూ జారిపడే మెట్టు ఒకటుంది. తల అంటే బాణం గుర్తుకు కుడివైపు భాగం మాత్రమే. ఎడమవైపు షరతును ఎంపికలో అసలు చూడదు. "నమ్ ఉన్న ప్రతి టైపుకూ ఇది", "షో ఉన్న ప్రతి టైపుకూ అది" అని రెండు ఇన్‌స్టెన్సులు రాస్తే (నమ్ అంకెల క్లాసు, షో విలువను అక్షరాల్లో చూపే క్లాసు) రాసినవాళ్ల మనసులో అవి వేరు. కంపైలర్‌కు రెండు తలలూ "ఏ టైపైనా" అనే ఒకటే, 59692 వస్తుంది. ఏ ప్రాగ్మా దీన్ని కాపాడదు, ఎందుకంటే రెంటిలో ఏదీ ప్రత్యేకమైనది కాదు. షో ఉన్న టైపులకు ఊరికే ఒక ఇన్‌స్టెన్స్ దొరకాలన్నదే కోరికైతే, "షోద్వారా" అని ఒక న్యూటైప్ చేసి, ఆ న్యూటైప్‌కు ఇన్‌స్టెన్స్ రాసి, కావలసిన ప్రతి టైపు దగ్గర డిరైవింగ్ వయా (ఆ న్యూటైప్ ఇన్‌స్టెన్స్‌ను అరువు తెచ్చుకునే పద్ధతి) పెట్టండి. 2018లో జీహెచ్‌సీ 8.6తో వచ్చిన ఈ సౌకర్యం సగం ఓవర్‌ల్యాపింగ్ అవసరాలను తీసేసింది. టైపుకు ఒక లైను ఖర్చు. ఏ టైపుకు ఏ అర్థం అన్నది ఆ టైపు పక్కనే కళ్లెదుట ఉంటుంది.

ఇంకో తరచూ వచ్చే సందర్భం. ఏ లిస్టుకైనా ఒక ఇన్‌స్టెన్స్, ఇంట్ లిస్టుకు ప్రత్యేకంగా ఇంకొకటి ఉన్నాయి. "ఏదో ఒక బి లిస్టు" మీద జనరిక్ ఫంక్షన్ రాశారు. బి రేపు ఇంట్ కావచ్చు కాబట్టి కంపైలర్ తేల్చదు, 43085 ఇస్తుంది. ఇన్‌కోహెరెంట్ పెడితే ఎర్రర్ పోతుంది, కానీ జనరిక్ ఫంక్షన్ లోపల ఎప్పుడూ సాధారణ ఇన్‌స్టెన్సే నడుస్తుంది. అదే కోడ్‌ను ఇన్‌లైన్ చేసి ఇంట్ లిస్టు మీద నేరుగా రాస్తే ప్రత్యేకమైనది నడుస్తుంది. ఫంక్షన్ బయటికి తీసినందుకే ప్రోగ్రామ్ జవాబు మారిపోవడం ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌కు పునాది లేకుండా చేయడమే. సరైన మందు చిన్నది: ఫంక్షన్ సిగ్నేచర్‌లో "బి లిస్టుకు ఈ ఇన్‌స్టెన్స్ కావాలి" అని షరతు రాయండి. నిర్ణయం పిలిచేవాళ్ల దగ్గరికి పోతుంది, అక్కడ బి ఏమిటో తెలుసు.

అసలు ఓవర్‌ల్యాప్ లేకుండానే పని జరిపిన పాత ఉదాహరణ షో క్లాసులోనే ఉంది. క్యారెక్టర్ల లిస్టు కోట్స్‌లో రావాలి, మిగతా లిస్టులు బ్రాకెట్లలో రావాలి. లిస్టుకు ఒకే ఇన్‌స్టెన్స్ పెట్టి, "నా లిస్టును ఎలా చూపాలి" అన్న నిర్ణయాన్ని షోలిస్ట్ అనే మెథడ్‌గా ఎలిమెంట్ టైపుకే అప్పగించారు. క్యారెక్టర్ ఆ మెథడ్‌ను మార్చుకుంది, అంతే. క్లాసు మీదే అయితే ప్రాగ్మా కన్నా ముందు ఈ దారి ఆలోచించండి.

ఆర్ఫన్ తప్పనప్పుడు

టైపు ఒకరి ప్యాకేజీలో, క్లాసు ఇంకొకరి ప్యాకేజీలో, ఇన్‌స్టెన్స్ రెండింటిలోనూ లేదు. ప్యాచ్ పంపారు, రిలీజ్ అయ్యేదాకా పని ఆగదు. లైబ్రరీ రాస్తుంటే న్యూటైప్ తప్ప వేరే దారి పట్టొద్దు. మీ ఆర్ఫన్ మిమ్మల్ని వాడే ప్రతి ప్రోగ్రామ్‌లోకీ చెప్పకుండా పోతుంది. హాస్కెల్ ప్యాకేజీ వెర్షన్ నియమాలు కూడా ఈ తేడాను గుర్తిస్తాయి: మామూలు ఇన్‌స్టెన్స్ చేర్చితే మైనర్ మార్పు, ఆర్ఫన్ చేర్చితే మేజర్ మార్పు.

చివరి అప్లికేషన్ అయితే, లేదా టెస్టులైతే, ఆర్ఫన్‌ను భరించవచ్చు. దాన్ని ఇంకెవరూ ఇంపోర్ట్ చేయరు. అప్పుడైనా ఆర్ఫన్లన్నీ ఒకే మాడ్యూల్‌లో పెట్టండి. ఆర్ఫన్ హెచ్చరికను ఆ ఒక్క ఫైలులో ఆపి, మిగతా ప్రాజెక్టు అంతటా దాన్ని ఎర్రర్‌గా మార్చండి. ఆ పరాయి టైపును నేరుగా ఇంపోర్ట్ చేయకుండా, టైపునూ ఇన్‌స్టెన్సునూ కలిపి ఇచ్చే ఈ మాడ్యూల్ ద్వారానే అందరూ తీసుకోవాలని పద్ధతి పెట్టుకోండి. ఎవరైనా రెండో ఇన్‌స్టెన్స్ రాస్తే మొదటిది వాళ్లకు కనబడుతుంది కాబట్టి 59692 వెంటనే వస్తుంది. ఆ ప్యాకేజీ వెర్షన్‌కు పై హద్దు కూడా పెట్టాలి, ఎందుకంటే వాళ్లు రేపు అదే ఇన్‌స్టెన్స్ చేర్చితే మీ బిల్డ్ ఆగిపోతుంది. ఆగిపోవడం మంచిదే. ఆ రోజు మీది తీసేసి, వాళ్లదీ మీదీ ఒకే జవాబు ఇస్తున్నాయా అని టెస్టులతో చూసుకోవాలి.

ఇన్నిటికన్నా ఇన్‌స్టెన్సుకు పేరుపెట్టి కావలసినదాన్ని అందించే భాష నయం కదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. స్కాలా అదే చేస్తుంది: గివెన్ విలువలకు పేర్లుంటాయి, ఒకే టైపుకు ఎన్నైనా ఉండొచ్చు, యూజింగ్‌తో చేతికిచ్చి పంపొచ్చు. దానికి తగ్గట్టే అక్కడ ట్రీసెట్ తన ఆర్డరింగ్‌ను తనలోనే దాచుకుంటుంది, అందుకే కాశిబుగ్గ కథ అక్కడ జరగదు. బదులుగా ఇంకో నొప్పి ఉంది. మోనాడ్, ట్రావర్స్ (ఫంక్టర్ అనే క్లాసు మీద కట్టిన రెండు క్లాసులు) రెండూ కావాలన్న ఫంక్షన్‌లో మామూలు మ్యాప్ పిలిస్తే, రెండు దారుల్లోనూ ఫంక్టర్ దొరుకుతుంది కాబట్టి అస్పష్టం అంటూ కంపైలర్ ఆగుతుంది. రెండు దారులూ ఒకే ఫంక్టర్‌కు చేరుతాయని దానికి హామీ లేదు. హాస్కెల్‌లో ఆ హామీ ఉంది కాబట్టే ఆ ప్రశ్నే రాదు. ఓకామెల్ ఇంకా శుభ్రం: సెట్ మేక్ అనే ఫంక్టర్‌కు (ఇక్కడ ఫంక్టర్ అంటే మాడ్యూల్ తీసుకుని మాడ్యూల్ ఇచ్చేది) వరుస మాడ్యూల్ ఇస్తే వచ్చే సెట్ టైపే వేరు, రెండు వరుసల సెట్లు కలవవు. రస్ట్ ఇంకో కొసకు పోయింది. ట్రెయిట్ గానీ టైపు గానీ మీ క్రేట్‌లో (రస్ట్ ప్యాకేజీ) లేకపోతే ఇంప్ల్ రాయనివ్వదు, ఇ0117 ఎర్రర్. ప్యూర్‌స్క్రిప్ట్‌లోనూ ఆర్ఫన్ ఎర్రరే, హెచ్చరిక కాదు. స్కాలా వరుసను విలువలో దాచింది, ఓకామెల్ టైపులో రాసింది, రస్ట్ రెండోది పుట్టకుండా చూసింది. హాస్కెల్ మాత్రం నియమం మనకు చెప్పి, కాపలా సగమే పెట్టింది. మిగతా సగం మనం కాయాలి.

పాత కోడ్‌లో ఈ తప్పు ఇప్పటికే ఉందేమో అన్న అనుమానం ఉంటే వెతికే పద్ధతి ఉంది. ముందు ప్రాజెక్టు మొత్తానికి ఆర్ఫన్ హెచ్చరిక తెరిచి, ఒకసారి శుభ్రంగా బిల్డ్ చేసి, వచ్చిన 90177లన్నీ ఒక ఫైలులోకి తీసుకోండి. అందులో ఒకే క్లాసు, ఒకే టైపు రెండుసార్లు కనబడితే అవే అనుమానితులు. వాటిలో ఆర్డ్ ఉంటే ముందు దాన్ని పట్టండి, మిగతావి తర్వాత. సెట్, మ్యాప్ లైబ్రరీల్లో వ్యాలిడ్ అనే ఫంక్షన్ ఉంది. చెట్టు వరుసలో, బ్యాలెన్సులో ఉందా అని చూసి నిజమో అబద్ధమో చెబుతుంది. అది కూడా పిలిచిన చోటి ఆర్డ్‌నే వాడుతుంది కాబట్టి, అనుమానమున్న రెండు మాడ్యూళ్లలోనూ విడివిడిగా, మాడ్యూల్‌లోకి సెట్ అడుగుపెట్టే ఫంక్షన్ల మొదట్లో పిలవాలి. మన చెట్టులో కాళేశ్వరం, దాని కుడిన కాశిబుగ్గ మాత్రమే ఉన్నప్పుడు లెక్కల మాడ్యూల్‌లో అది నిజం అంటుంది, ముద్రణ మాడ్యూల్‌లో అబద్ధం అంటుంది. రెండో కాశిబుగ్గ ఎడమన చేరాక రెండు చోట్లా అబద్ధమే. చెట్టు మొత్తం తిరుగుతుంది కాబట్టి టెస్టు బిల్డులోనే ఉంచండి, అసలు బిల్డులోకి పోనివ్వకండి.